సాలగ్రామమా? సామాన్య శిలయా?



వాగులో నల్లని గుండ్రని రాయి దొరికినప్పుడు "అయ్యా, ఇది సాలగ్రామమేనా?" అని పలువురు ప్రశ్నిస్తూ ఉంటారు. ఆ సందేహం సమంజసమైనదే.

సాలగ్రామానికి మొదటి గుర్తు జన్మస్థానం. నేపాళ దేశంలో ముస్తాంగ్ ప్రాంతాన, 108 దివ్యదేశాలలో ఒకటైన ముక్తినాథ క్షేత్రానికి దిగువన ప్రవహించే కాళీగండకీ నదిలో లభించే శిలయే సాలగ్రామమని సంప్రదాయం. కావున మన పల్లెవాగులోని రాయి ఎంత నల్లనిదైనా, ఎంత నునుపైనదైనా సాలగ్రామం కానేరదు.

రెండవ గుర్తు చక్రం. వజ్రకీటం శిలను తొలిచి ఆ చక్రాన్ని ఏర్పరచినదని పెద్దలు చెబుతారు. హిమవత్పర్వతం లేవకముందు అచ్చట టెథిస్ అనే సముద్రం ఉండేదనీ, అందులోని అమ్మోనైట్ అనే ప్రాణుల చుట్టలు తిరిగిన గుల్లలు బురదలో కూరుకొని, కోట్ల సంవత్సరాలకు శిలలైనవనీ భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. శిల ఏర్పడిన విధాన్ని వారు చెప్పారు. ఆ శిలయందు ఎవరిని దర్శించాలో ఆగమం చెప్పింది. ఇందులో విరోధమేమున్నది?

అయితే చక్రమొక్కటే ప్రమాణం కాదు. తమిళనాడులోని అరియలూరు ప్రాంతంలోనూ అమ్మోనైట్ శిలలు లభిస్తాయి. అవి సాలగ్రామాలు కావు. సహజమైన చుట్ట కేంద్రం నుండి వెలుపలికి పోయిన కొలదీ వెడల్పవుతుంది. ఒకే లోతుతో, పదునైన అంచులతో గీతలున్నచో అది పనిముట్టుతో చెక్కినదేమోనని శంకించాలి. సాలగ్రామానికి వెలకట్టుటను ధర్మశాస్త్రం నిషేధించినది. కనుక అప్పుచేసి వేలరూపాయలు పోసి మోసపోవద్దు.

మరి ముత్తవ్వ కాలం నుండి సాలగ్రామమని అర్చించిన శిల సామాన్యమైనదని తేలితే ఆ పూజ అంతా వృథాయేనా? కానే కాదు. సాలగ్రామంలో స్వామి సాన్నిధ్యం సహజసిద్ధం. అందుకే దానికి ప్రాణప్రతిష్ఠ అక్కరలేదు. ఇతర శిలలయందు ఆవాహన చేయాలి. వ్రతారంభంలో పసుపుముద్దలో విఘ్నేశ్వరుని ఆవాహన చేసి పూజించుట లేదా? పసుపుముద్దలోకి వచ్చిన స్వామి ఆ రాతిలోకి రాడా? ఆ శిలను పారవేయకండి. ఇకపై నిత్యం ఆవాహన చేసి అర్చించండి. సాలగ్రామమని మాత్రం ఇతరులకు చెప్పకండి. దేవుని పీఠం ముందు అసత్యం తగదు.

స్వస్తి.