సువాసన అసలు ఖరీదు

 

దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకుని ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు ఎల్బీనగర్‌లో బస్సెక్కి, విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ వైపు రసాయన కర్మాగారాల్లో ఉద్యోగాలకు వెళ్తారు. వాళ్ల కోసం ఒక సువాసన రసాయనం లెక్క చెబుతాను. దాని పేరు అయొనోన్. సబ్బుల్లో, సెంట్లలో వయొలెట్ పూల వాసన తెచ్చేది అదే. 1893లో జర్మనీలో టీమన్, క్రూగర్ దాన్ని తయారుచేశాక, పూల నుంచి తీసే ఖరీదైన నూనెతో పని చాలావరకు తప్పింది.

తయారీకి ముఖ్యమైన మెట్లు రెండే. నిమ్మగడ్డి నూనెలో ఉండే సిట్రాల్‌ను ఎసిటోన్‌తో కలిపితే సూడో అయొనోన్ వస్తుంది. దానికి ఆమ్లం తగిలితే అయొనోన్ అవుతుంది. 152 కిలోల సిట్రాల్‌కు కాగితం మీద 192 కిలోలు రావాలి. ఒక్కో మెట్టులో 80 శాతం దిగుబడి ఉంటే చేతికొచ్చేది 123 కిలోలు. 90 శాతం ఉంటే 156. అదే ముడిసరుకు, అదే రియాక్టర్, అవే జీతాలు. లాభమైనా నష్టమైనా ఆ 33 కిలోల్లోనే ఉంది.

సిట్రాల్ ధర మన చేతిలో ఉండదు. 2017 అక్టోబరులో జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ కంపెనీ సిట్రాల్ ప్లాంటులో మంటలు లేస్తే, సువాసన రసాయనాలతో పాటు సిట్రాల్‌తో తయారయ్యే విటమిన్ ఏ సరఫరా కూడా ప్రపంచమంతటా దెబ్బతింది. మన చేతిలో ఉన్నది దిగుబడి. దాన్ని పెంచేది మీ చదువు.

రాని దిగుబడి ఎక్కడికీ మాయం కాదు. జిగట ముద్దగా, ఉప్పునీరుగా మిగులుతుంది. ముడిసరుకుగా కొన్నప్పుడు ఒకసారి, వ్యర్థంగా శుద్ధి చేసేటప్పుడు మరోసారి దానికి డబ్బు కట్టాలి. ఈ రెండో బిల్లు ఎగ్గొట్టిన రోజుల్లో పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పాడైంది. ఫ్యాక్టరీలు కట్టని బిల్లును చుట్టుపక్కల రైతుల పొలాలు, బావులు కట్టాయి. అలా వచ్చిన చవకను నేను చవక అనను.

రేపు మీరు ఏ కంపెనీలో చేరినా కిలో ఖరీదు వేసేటప్పుడు నీటి శుద్ధి ఖర్చు కూడా అందులో కలపండి. అది కలపని లెక్క కింద సంతకం పెట్టకండి.