పాత దూలం పలికే స్వరం

పెళ్లి కుదరగానే మన ఇళ్లలో ముందు అడిగేది ముహూర్తం, ఆ తరువాత మేళం. ఆ మేళంలోని నాదస్వరం తయారు కావడానికి ఎంత ఓపిక కావాలో మీకు తెలుసా?

తంజావూరు జిల్లాలో కుంభకోణం దగ్గర నరసింగంపేట అనే ఊరుంది. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. తమిళులు ఆచ్చా అని పిలిచే చెట్టు కర్రతో దాన్ని చేస్తారు. పచ్చికర్ర పనికిరాదు, ఆరేకొద్దీ వంగుతుంది, పగులుతుంది. అందుకని పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలు, స్తంభాలు కొంటారు. ఏళ్ల తరబడి ఇంటికప్పు మోసి ఆరిన ఆ కర్రను గుండ్రంగా చెక్కి, నడుమ తొలిచి, ఏడు స్వరరంధ్రాలు వేస్తారు. రంధ్రం కాస్త జరిగినా శ్రుతి చెడుతుంది.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారు తెలుగువారినీ తమిళులనూ మెప్పించింది నాదస్వరంతోనే గదా!

కనుక మీ అబ్బాయికి వాద్యం చేయించదలిస్తే ముందుగానే చెప్పండి, బయానా ఇవ్వండి, ఆపైన తొందరపెట్టకండి. రేపే కావాలంటే పచ్చికర్రే చేతికొస్తుంది. ఓపికగా ఎదురుచూసేవారు లేకపోతే, ఆ పని నేర్చుకునే కుర్రవాడూ మిగలడు. సెలవు.