వార్త సరే, విచారణ ఏది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసులకు మన ఇళ్లనుంచి ఎందరో ఆడపిల్లలు ఉద్యోగాలకు వెళుతున్నారు. వారి భద్రత అనగానే మనకు దారి, బస్సు, రాత్రి డ్యూటీ గుర్తుకొస్తాయి. వార్తలవల్ల వచ్చే ప్రమాదం గురించి కూడా రెండు మాటలు మనవి చేయదలచాము.

మన హైదరాబాద్ బిడ్డ సానియా మీర్జా సంగతే చూడండి. 2005 ఫిబ్రవరిలో ఈ ఊళ్లోనే డబ్ల్యూ.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచింది. భారతీయ మహిళల్లో ఆ ఘనత మొదట ఆమెదే. సెప్టెంబరు వచ్చేసరికి పత్రికల్లో ఆట వెనక్కు పోయి, ఆమె ఆట దుస్తులపై ఒక మతపెద్ద అన్న మాట ముందుకొచ్చింది. కలకత్తాలో పోలీసు కాపలా మధ్య ఆడవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. ఇక్కడ ఆడిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ అవుతోందని 2008లో బెంగుళూరు పోటీయే మానుకుంది. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమిస్తే, ఒక శాసనసభ్యుడు "పాకిస్తాన్ కోడలు" అన్నారు. చివరిదాకా తాను భారతీయురాలినేనని ఆమె జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

గమనించారా? ఒకసారి కోపం మనవాళ్లది, ఒకసారి ఇతరులది. మైకు మాత్రం ఒక్కటే. ముందు ఒకరిచేత తిట్టిస్తారు. ఆ తిట్టును వార్త చేస్తారు. ఆపై ఆడపిల్ల ముందు మైకు పెట్టి "మీ జవాబేమిటి?" అంటారు. మూడు రోజుల ప్రసారం గడిచిపోతుంది.

ఇవాళ ఆ మైకు అందరి జేబుల్లోకీ వచ్చేసింది. 2022 జనవరి 1న "బుల్లీ బాయి" అనే యాప్‌లో వందమంది దాకా ముస్లిం స్త్రీల ఫోటోలు దొంగిలించి, వేలానికి పెట్టినట్లు చూపారు. వారిలో విలేఖరులూ ఉన్నారు, మన నగరపు సామాజిక కార్యకర్తా ఉన్నారు. అరెస్టయినవారిలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. మన పిల్లలకు అన్నం పెడుతున్న చదువే అది! చదువుంటే చాలదు, సంస్కారం ఉండాలి.

స్త్రీ శీలంపై నింద మోపేవాడు నలుగురు సాక్షులను తేవాలనీ, చెవినపడ్డ వార్తను విచారించాలనీ ఖురాన్ మనకు నేర్పింది. ఆ నియమం ఫోనుకూ వర్తిస్తుంది. పూర్తి మాట తెలియకుండా ఏ ఆడపిల్ల గురించీ, ఆమె ఏ మతంవారైనా సరే, ఫార్వర్డ్ చేయకండి. కోపం వస్తే ఒక పూట ఆగండి. బాధపడ్డ పిల్ల మన మధ్యనే ఉంటే, "నువ్వెందుకు ఫోటో పెట్టావమ్మా?" అని నిలదీయకండి. ఆమె వెంట పోలీసు స్టేషనుకు నడవండి. సంఘం మీ వెంట ఉంటుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.