పుట్టింట మిగిలిపోయిన కాగితము

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగము విని, ఆదాయవ్యయములు తెలిసికొని సంతోషించు వేళ రోగముల ప్రసక్తి ఎందుకని మీరు అనవచ్చును. కాని బ్రతుకుతెరువుకై హొసకోటె చేరిన మనవంటి కుటుంబములకు తప్పక తెలియవలసిన సంగతి ఒకటి వున్నది. మేము వైద్యులము కాము. రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాలము. మా యింట జరిగినదీ, పిమ్మట డాక్టర్లను అడిగి తెలిసికొన్నదీ మనవి చేస్తాము.

మా వదినగారు తొలి కాన్పుకు అనంతపురం జిల్లాలోని పుట్టింటికి వెళ్లారు. ఎనిమిదో నెలలో ముఖము, కాళ్లు వాచినవి. రక్తపు పోటు 160 దాటినది. డాక్టరుగారు వెంటనే ఆపరేషను చేసి తల్లినీ బిడ్డనూ దక్కించారు. ఐదో నెలలో ఉయ్యాల, బిడ్డ బట్టలు, సున్నుండల డబ్బా అన్నీ హొసకోటె చేరినవి. ఆస్పత్రి కాగితము మాత్రము పుట్టింటి పెట్టెలోనే వుండిపోయినది. పిల్లకు జబ్బున్నదని అత్తింటివారు అనుకుంటారేమోనని వారు చెప్పలేదు, మేము అడగలేదు. పధ్నాలుగేండ్లకు, 39వ యేట, ఆమెకు పక్షవాతము వచ్చినది. “ఇదివరలో రక్తపు పోటు వుండేదా?” అని డాక్టరు అడిగితే, “లేదండీ” అని చెప్పినది మేమే!

మన పెద్దలు గుర్రపువాతమని భయపడిన మూర్ఛకు ముందు దశనే డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. 20 వారములు దాటిన గర్భిణికి రక్తపు పోటు 140/90కి చేరుట, మూత్రములో ఆల్బుమిన్ పోవుట, విడువని తలనొప్పి, చూపు మసకబారుట దాని గుర్తులు. కాన్పు తరువాత పోటు దిగితే గండము గడిచినదనుకుంటాము. కాని రక్తనాళములలో లోపము మిగిలివుండవచ్చును. ఇట్టి తల్లులకు మున్ముందు గుండెజబ్బు, పక్షవాతము వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు రెండింతలు. 2011లో అమెరికా హృద్రోగ సంఘమువారు సైతము దీనిని స్త్రీల గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరికలలో చేర్చినారు. అందరికీ వస్తుందని కాదు, తెలిసివుంటే జాగ్రత్తపడవచ్చును.

ఏమి చేయవలెను? ఏటేటా రక్తపు పోటు, చక్కెర చూపించుకోవలెను. 30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్ష ఉచితము. ఊరగాయలలో ఉప్పు తగ్గించవలెను. మరల గర్భము వస్తే తొలి నెలలలోనే పాత సంగతి చెప్పవలెను; అవసరమైతే డాక్టర్లు చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, మనంతట మనము మింగరాదు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి.

చీటీ లేని మూటను మా ఆఫీసులో ఎవరూ తీసుకొనరు. మన ఆడపడుచుల విషయములో ఆపాటి శ్రద్ధయైనా వద్దా? ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఆ కాగితము అడిగి తెచ్చి, ఇక్కడి తాయి కార్డుతో కలిపి దాచుకొనుడు. అత్తగార్లు కోడండ్రను నిష్ఠురము లేకుండ అడుగవలెను.

వదినగారు కోలుకొని ఈ సభలోనే కూర్చునివున్నారు. ఈ నాలుగు మాటలు చెప్పుమన్నది వారే.