ముఖం మీద మచ్చ ఎవరికి అడ్డం?

(తెనాలి, బాపట్ల, రేపల్లెలలో మహిళా కార్యకర్తలతో జరిగిన సమావేశాల్లో చేసిన ప్రసంగం. ఇది రేపల్లెలో మాట్లాడిన పాఠం.)



కట్నాలు, కొట్టడాలు, కూలిరేట్ల గురించి మాట్లాడుకునే చోట మొటిమల గురించి మాట్లాడతానంటే తెనాలిలో కొందరు నవ్వారు. "మనకింత తీరిక ఉందా అమ్మా?" అని ఒక పెద్దావిడ అడిగేసింది కూడా. సమావేశం అయ్యాక ఆవిడే నా దగ్గరకొచ్చి, తన కూతురు రాసుకునే ట్యూబు పేరు చెప్పి, అది మంచిదేనా అని మెల్లగా అడిగింది. ఆ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారట. అందుకే బాపట్లలోనూ ఇదే మాట్లాడాను, ఇక్కడా ఇదే మాట్లాడుతున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. 1998లో నాకు పద్దెనిమిదేళ్ళు. మాది ఈ రేపల్లె పక్క పల్లెటూరే. మొహం నిండా మొటిమలు, మానిన చోటల్లా నల్లమచ్చలు. మా అమ్మ దుగ్గిరాల పసుపూ శనగపిండీ కలిపి పట్టించేది. ఇరుగుపొరుగు వాళ్ళు రక్తం చెడిందన్నారు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు "పిల్ల చామనఛాయ, పైగా మొహం నిండా మచ్చలు" అని కట్నం మరో ఇరవై వేలు పెంచారు. అంటే నా చర్మానికి ఒక జరిమానా వేశారన్నమాట.

మా నాన్న మందులషాపు నుంచి ఒక ట్యూబు తెచ్చాడు. చీటీ అడిగినవాళ్ళు లేరు, బిల్లు ఇచ్చినవాళ్ళు లేరు. పది రోజుల్లో మొహం తేటపడింది. అందరూ మెచ్చుకున్నారు. మూడో నెలకల్లా ఎండలోకి వెళితే మంట. రాయడం ఆపితే మొహం ఎర్రగా ఉబ్బిపోయేది, మళ్ళీ రాస్తే తగ్గేది. బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు తేలాయి, నూగు వెంట్రుకలు వచ్చాయి, మొటిమలు మునుపటికంటే పెరిగాయి. చివరికి గుంటూరులో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ ట్యూబు చూసి "ఇది స్టెరాయిడ్, నీకెవరిచ్చారమ్మా?" అని అడిగింది. మొహం కుదుటపడటానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్ళూ తప్పు నాదేననుకున్నాను.

తప్పు నాది కాదని తెలియాలంటే అసలు జరిగేదేమిటో తెలియాలి. ఈడొచ్చాక హార్మోన్ల వల్ల చర్మంలో నూనెగ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి. రంధ్రాలు పూడుకుపోతాయి, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి వాపు వస్తుంది. మొటిమ అంటే అంతే. రక్తం చెడటమూ కాదు, బుద్ధి చెడటమూ కాదు. మన రంగు చర్మంలో వాపు తగ్గిన చోట నలుపు మిగులుతుంది. గిల్లితే, ఎండ తగిలితే అది ముదురుతుంది, వదిలేస్తే నెలల మీద పలచబడుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి మామూలు మందులు మొటిమలకు పనిచేస్తాయి. అయితే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే హార్మోన్ల పరీక్ష అవసరం. మొండి మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భిణులు వేసుకుంటే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. ఈ మాట ముందుగా చెప్పించుకోవడం మన హక్కు.

మరి స్టెరాయిడ్ ఏం చేస్తుంది? రక్తనాళాలను కుదించి వాపునీ ఎరుపునీ అణుస్తుంది. అందుకే మొదట్లో తెల్లబడినట్టు కనిపిస్తుంది. డాక్టరు సరైన జబ్బుకు, కొద్దిరోజులకు రాస్తే అది మంచి మందే. నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పలచబడుతుంది. తామరకు రాస్తే దురద తగ్గి తామర పాకిపోతుంది. బాపట్లలో ఒక చెల్లెలు, కాన్పు తర్వాత వచ్చిన మంగుకు రెండేళ్ళుగా ఇలాంటి పూతే వాడుతోంది. మానేద్దామంటే మంట భయం. ఇది అందం మీద మోజు కాదు, వదలనివ్వని ఉచ్చు.

ఈ ఉచ్చు వెనక పెద్ద మార్కెట్టు ఉంది. తెల్లబరుస్తామనే ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు అని టీవీలో చూపించిన ప్రకటనల మీద ఐద్వా ఫిర్యాదు చేసి పోరాడాక, 2003లో కొన్ని ఆగిపోయాయి. 2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది. పేరు మారినంత తేలిగ్గా పెళ్ళిచూపుల్లో మాట మారలేదు. తెల్లబరిచే పూతల్లో పాదరసం కలిపేవాళ్ళూ ఉన్నారు. 2023లో కేరళలోని మలప్పురంలో అలాంటివి వాడినవాళ్ళకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి బయటపడింది. తయారుచేసినవాడి చిరునామా లేని డబ్బాను ఇంట్లోకి రానివ్వకండి.

చట్టం లేదా అంటే ఉంది. 2018లో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూలు హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మరి మన వీధుల్లో ఎందుకు అమ్ముడవుతున్నాయి? రేపల్లె నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు అదనం. మందులషాపు మాత్రం సందు చివరే ఉంటుంది. కాబట్టి ఆడపిల్లలను తిట్టి లాభం లేదు. మన ఏరియా ఆసుపత్రుల్లో వారానికొక రోజైనా చర్మవ్యాధుల డాక్టరు కూర్చోవాలని అడగాలి.

కార్యకర్తలుగా మనం చేయగలిగినవి కొన్నున్నాయి. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినొలోన్ అన్న పేర్లున్నాయేమో చదవడం నేర్పుదాం. ఉంటే, భయపడి ఒక్కసారిగా మానేయమని చెప్పవద్దు. డాక్టరుకు చూపించి క్రమంగా మాన్పించాలి. ప్రతి మందుకూ బిల్లు అడుగుదాం. బిల్లు లేకపోతే ఫిర్యాదు నిరూపించడం కష్టమవుతుంది. మందు వికటిస్తే 1800-180-3024కు, మోసపోతే వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. చీటీ లేకుండా అమ్మే షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు సంఘం తరఫున రాతపూర్వకంగా ఇద్దాం.

ఇంకొకటి కష్టమైన పని. అది మన ఇళ్ళల్లోది. "పిల్ల నలుపైనా కళగా ఉంది" అంటాం. ఆ 'అయినా' దగ్గరే మొదలవుతుంది ఇదంతా. నన్ను పెళ్ళిచూపులు చూసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళనూ ఒకప్పుడు ఎవరో అలాగే చూసి ఉంటారు.

వచ్చే సమావేశానికి మీ ఇంట్లో ఉన్న ట్యూబులు, డబ్బాలు తీసుకురండి. సిగ్గుపడొద్దు. కళ్ళజోడున్నవాళ్ళు అవి కూడా మరిచిపోకండి, అక్షరాలు చాలా చిన్నవి. అందరం కూర్చుని చదువుదాం.