పల్లె మీద వేసిన నింద



సైన్యంలో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్, కమాండ్ పదవులు ఇవ్వాలా వద్దా అన్న కేసులో సుప్రీంకోర్టు ముందు కేంద్రం ఒక వాదన పెట్టింది. జవాన్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లని, ఆడవాళ్ల కమాండ్‌ను ఒప్పుకునేందుకు వాళ్ల మనసు ఇంకా సిద్ధంగా లేదని. 2020 ఫిబ్రవరి 17న కోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఆ వాదన చదివి నాకు ఒళ్లు మండింది. నాకు పని నేర్పింది పల్లెటూరి సుబేదారే మరి.

సైన్యాధికారులకు శిక్షణనిచ్చే చెన్నై అకాడమీ నుంచి అధికారిగా కొత్తగా వెళ్లిన నాకు లారీల కాన్వాయ్ అప్పగించారు. సుబేదార్ సాబ్ ప్రతి బండి దగ్గరా ఆపి నాచేత టైరు మీద స్పానర్‌తో కొట్టించేవారు. మోత విని గాలి తగ్గిందో లేదో చెప్పాలి. ఇంజన్ కింద ఆయిల్ కారుతోందేమో వంగి చూడందే సంతకం పెట్టనిచ్చేవారు కాదు. జవాన్ల ముందు నన్నెప్పుడూ తప్పుపట్టలేదు. తర్వాత టీ గ్లాసు చేతికిచ్చి, ఎక్కడ పొరబడ్డానో నెమ్మదిగా చెప్పేవారు.

నా మీద వివక్ష చూపింది పెద్ద చదువులు చదివినవాళ్లే. పదోన్నతికి పనికొచ్చే కోర్సు అడిగితే, "పద్నాలుగేళ్లకు వెళ్లిపోయేదానివి, నీకెందుకమ్మా" అన్నారు ఒక పై అధికారి. ఏటా పైవాళ్లు రాసే ఏసీఆర్ కూడా మొక్కుబడిగానే రాశారు. ఇది నా ఒక్కదాని గోడే అనుకున్నాను. 2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే ఎత్తిచూపింది. శాశ్వత కమిషన్ ఎలాగూ రాదు కదా అని మహిళల ఏసీఆర్‌లు శ్రద్ధ లేకుండా రాశారు. తీరా అవకాశం వచ్చాక వాటినే తూకానికి పెట్టారు. ఇది పరోక్ష వివక్షేనని కోర్టు తేల్చింది. 1992లో సైన్యం మాకు తలుపు తెరిచినప్పటి నుంచి లెక్కేస్తే ఆ తీర్పుకు దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఈలోగా ఇంటికెళ్లిపోయిన అక్కలెందరో.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న అబ్బాయిలూ, రేపు మీ కింద పనిచేసే ఆడపిల్ల గురించి మీరు రిపోర్టు రాయాల్సి వస్తుంది. ఆమె పని దగ్గరుండి చూసి రాయండి.

అమ్మాయిలూ, 2025 మే నెలలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) నుంచి తొలిసారి 17 మంది ఆడపిల్లలు పట్టా పుచ్చుకున్నారు. ఇంటర్ చదివే మీ చెల్లెళ్లకు ఆ దారి ఉందని చెప్పండి. మీకిప్పుడు డిగ్రీ ఉంది. సైన్యాధికారులను ఎంపిక చేసే సీడీఎస్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, చెన్నై అకాడమీకి అదొక దారి. ఈసారి నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు పెట్టండి.