పరదేశమున తొలి సంవత్సరము

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామము తన గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు మూతపడనీయక నడుపుకొనుట సామాన్యకార్యము గాదు. ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కోరినందులకు కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. వైద్యవిద్య ముగించి, వృత్తిశిక్షణకై అమెరికాలో కొన్ని సంవత్సరములు గడపి వచ్చినవాడనగుటచే, అచ్చటి జీవితమును గూర్చి ప్రసంగింపుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. ఆ దేశపు వింతలను మీరు పత్రికలలో చదివియే యున్నారు. నేను చెప్పదలచినది అచ్చట తొలి సంవత్సరము పని నేర్చుకొను యువకుని దినచర్య మాత్రమే. మన జిల్లాలో పిల్లలను విదేశములకు పంపని గ్రామము నేడు అరుదు. ఆ పిల్లల దినము ఎట్లు గడచునో ఎరిగిన తల్లిదండ్రులు అంతకంటె అరుదు.

వరంగల్లులో 1959లో కాకతీయ వైద్యకళాశాలయు, ఆ సంవత్సరముననే ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. 1965లో అమెరికా ప్రభుత్వము తన వలస చట్టమును సవరించి, దేశముల వారీగా నిర్ణయించిన పాత నిర్బంధములను తొలగించెను. అటుపిమ్మట ఇట్టి విద్యాలయములలో చదివినవారనేకులు సముద్రములు దాటిరి. కాని అంతకు నాలుగు దశాబ్దములకు ముందే ఆ త్రోవన నడచిన తెలుగు వైద్యుడొకడు కలడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివిరి. మామగారు చేసిన ధనసహాయముతో 1923లో బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రమును అభ్యసింప మొదలిడిరి. స్వదేశమున పట్టము పొందిన వైద్యుడయ్యు, ఆ దేశమున వైద్యము చేయుటకు ఆయనకు అర్హత లేదు. తిండికి, గది అద్దెకు డబ్బు కావలెను. అందుచే ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచుచు, పగలు చదువుకొనిరి. 1925లో ఆయన తన గురువగు ఫిస్కేతో కలిసి ప్రకటించిన భాస్వరమును కొలుచు పద్ధతి నేటికిని వారిద్దరి పేరిటనే పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది.

సుబ్బారావుగారి కీర్తిని మనము వినుచుందుము. ఆ పాత్రలను కడిగిన రాత్రులను గూర్చి పిల్లలకు చెప్పువారు తక్కువ. పరదేశమునకు పోవువానికి ముందుగా తెలియవలసినది ఆ రాత్రుల సంగతియే.

ఇక నేటి దినచర్య వినుడు. శిక్షణలో మొదటి సంవత్సరపు వైద్యుని అచ్చట ఇంటర్ను అందురు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఆరు గంటలకు ఆసుపత్రి చేరవలెను. చలికాలమున ఆ వేళకు ఇంకను చీకటియే. కాలిబాటపై మంచు గడ్డకట్టియుండును. రాత్రి పనిచేసిన వైద్యుడు అప్పగించిన రోగుల వృత్తాంతము విని, ఒక్కొక్కరిని చూచి, రక్తపరీక్షల ఫలితములను గుర్తుంచుకొని, పెద్ద వైద్యుడు వచ్చునప్పటికి సిద్ధముగా నిలువవలెను. ఆయన అందరి యెదుట ప్రశ్నించును. తెలిసినచో చెప్పవలెను, తెలియనిచో తెలియదనవలెను. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పినచో నష్టపడునది రోగి గదా!

ఇంగ్లీషు చదివి వచ్చితిమను ధైర్యము మొదటి వారముననే సడలును. పండ్లు లేని వృద్ధుడు తన నొప్పిని తన యాసలో చెప్పునప్పుడు మన పుస్తకపు ఇంగ్లీషు అక్కరకు రాదు. మన ఉచ్చారణ ఆయనకును అట్లే యుండును. ఇరువురును ఓపికతో మరల మరల అడిగి తెలిసికొనవలెను. అచ్చట నేను నేర్చిన విద్యలలో ఈ ఓపికయే పెద్దది.

శిక్షణ పొందు వైద్యుడు నాలుగు వారముల సగటున వారమునకు 80 గంటలకు మించి పనిచేయరాదని 2003లో నియమమేర్పడినది. అనగా వారమున ఒక దినము సెలవు పోగా, తక్కిన ఆరు దినములును దినమునకు పదమూడు గంటలకు పైగా పనియే. మన కూలీలు నాట్ల కాలమున పడు శ్రమను చూచినవాడను గనుక నేను దీనిని గొప్పగా చెప్పుకొనను. కాని తన కుమారుడు చల్లని గదిలో కూర్చుండి సుఖముగా జీతము తీసికొనుచున్నాడని తలంచు తండ్రికి ఈ లెక్క తెలియుట మంచిది.

గదికి తిరిగివచ్చిన తరువాత వంట యున్నది. ఇంట మంచినీళ్ల చెంబు కూడ ఎత్తి ఎరుగని మగపిల్లవాడు అచ్చట బియ్యము కడిగి, గిన్నెలు తోమి, వారమున కొకమారు బట్టలుతుకుకొనును. అమ్మ పంపిన ఆవకాయను పండుగ దాక రావలెనని వేలికొనతో తీసికొనును. ఇందు చిన్నతనమేమియు లేదు. మన ఇండ్లలో ఆడువారు ప్రతిదినము చేయు పని ఎంతటిదో నాకు అచ్చటనే తెలిసినది. ఆ పనిని మగపిల్లలకు ఇచ్చటనే నేర్పి పంపిన మేలు.

చలికాలమున బోస్టనులో రాత్రి ఎనిమిది గంటలైనప్పుడు మనకు మరునాటి ఉదయము ఆరున్నర. అప్పుడు పిల్లవాడు ఇంటికి ఫోను చేయును. తల్లి "తింటివా బిడ్డా?" అని అడుగును. "తింటినమ్మా" అనును. తండ్రి జీతమెంత, అప్పు ఎప్పుడు తీరును అని అడుగును. దానికిని జవాబు చెప్పును. నిద్ర లేదని గాని, తాను చూచిన రోగి ఆ పగలే మరణించెనని గాని చెప్పడు. అడిగినవారు లేరు, చెప్పిన బాధపడుదురని భయము. అట్లు మంచి కుటుంబముల నడుమ కూడ మౌనము పెరుగును. చేను తాకట్టుపెట్టి పంపిన ఇంట ఆ మౌనము మరింత బరువు. వెనుకకు రాదలచినవాడు కూడ ఆ అప్పు తలచుకొని రాలేనని చెప్పలేక, ఉండలేనని చెప్పలేక నలుగును.

సుబ్బారావుగారి కథలో ఈ భాగమును మనము మరువరాదు. ఆయన బయలుదేరిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను; తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిరి. ఆయన మరల స్వదేశమునకు రాకయే 1948 ఆగస్టులో న్యూయార్కున కన్నుమూసిరి. 1923 నుండి 1948 వరకు ఇరువదియైదు సంవత్సరములు! మనము నేడు ఉత్సవము చేసికొనుచున్న ఈ గ్రంథాలయపు వయస్సెంతో ఆ ఇల్లాలి నిరీక్షణయు అంతే.

ఆ త్యాగము వలన లోకము పొందిన ఫలము మన గ్రామమునకును చేరినది. బోదకాలు రాకుండ మన జిల్లాలలో ఇంటింటికి పంచిన డీఈసీ మందును 1947లో వెలువరించినది ఆయన నడిపిన పరిశోధక బృందమే. గర్భవతులకు ఇనుముతో కలిపి ఇచ్చు ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలలో తయారుచేసినదియు ఆ బృందమే. ఈ మాత్రలను చేత పట్టుకొనునప్పుడు ఆయనతోబాటు శేషగిరిగారిని కూడ తలచుట న్యాయము.

పిల్లలను పంపవద్దని నేననను. విద్యకై దూరము పోవుట మేలే. కాని పంపువారికి రెండు విన్నపములు. మొదటిది: అప్పు చేయుటకు ముందు, వెళ్లివచ్చినవారి నోట నిజము వినుడు. ఇందుకు ఈ గ్రంథాలయము తగిన చోటు. సెలవులకు వచ్చిన ప్రతి యువకుని, యువతిని ఒక సాయంకాలము ఇచ్చట కూర్చుండబెట్టి, వీసా నియమములు, ఖర్చులు, పని గంటలు చెప్పించి, ఒక పుస్తకమున వ్రాయించి భద్రపరచుడు. గ్రామమునకు అంతకంటె ఉపయోగకరమగు గ్రంథము దొరకదు.

రెండవది: ఫోను చేసిన బిడ్డను జీతము మాట అడుగుటకు ముందు, "ఈ దినమెట్లు గడచినది?" అని అడుగుడు. జవాబు చెప్పుటకు వానికి కొంత సమయమిండు. మొదటి దినము సరిగా చెప్పకపోవచ్చును, మరునాడును అడుగుడు. నిజము చెప్పుకొనుటకు ఇంట ఒక చెవి యున్నదని తెలిసినవాడు అచ్చట నిలువగలడు. నిలువలేనినాడు సిగ్గుపడక తిరిగి రాగలడు.